ఊరుకోని చెయ్యి, సీసాలో ఆకు

తోటపని అంటే సేవ అని నమ్మినవాళ్లందరి తరఫునా ఇదొక అభ్యంతరపత్రం. డ్రోసెరా అనే పురుగులు తినే మొక్క ఉంది. ఆకు నిండా ఎర్రటి వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొనా ఒక జిగురు బొట్టు. దాని ఆకొకటి తుంచి ఒట్టి నీళ్లలో వదిలేస్తే నెలా రెండు నెలల్లో పిల్లలు పెడుతుంది. మట్టి అడగదు, ఎరువు అడగదు, వేళ్లు పుట్టించే పొడీ అడగదు. ఇక మనమెందుకున్నట్టు?

ముందు ఆ నీళ్ల సంగతి. వాటిలో ఏమీ ఉండకూడదట! డిస్టిల్డ్ నీళ్లో, ఆర్.ఓ. నీళ్లో, శుభ్రంగా పట్టిన వాన నీళ్లో కావాలి. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే 50 పీపీఎం లోపు చూపాలి. కుళాయి నీళ్లు మరగబెట్టి చల్లార్చి పోసే సేవాతత్పరులున్నారు. క్లోరిన్ పోతుంది, నిజమే. కరిగిన ఉప్పుల్లో చాలావరకు గిన్నెలోనే ఉండి, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడతాయి. మినరల్ వాటర్ అయితే పేరులోనే నేరం ఒప్పేసుకుంది. రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలిపే ఆర్.ఓ. యంత్రాలూ ఉన్నాయి కాబట్టి మాటని కాదు, మీటరుని నమ్మాలి. పోనీ ఆకు పాపం ఆకలితో ఉందేమోనని చిటికెడు ఎరువు వేద్దామా? విస్తరి ముందు మొదట కూర్చునేది నాచు. ఆకు వంతు వచ్చేసరికి సీసా పచ్చటి చారులా ఉంటుంది.

ఆకు ఎంపికలోనూ మన దయాగుణానికి చోటు లేదు. ఎలాగూ పోయేదే కదా అని అడుగున వాడుతున్న ముసలాకుని సీసాలో వేస్తాం. అది పోయే పనిలోనే ఉంది, పూర్తి చేస్తుంది. కావలసింది ఈమధ్యే పూర్తిగా విచ్చుకుని, జిగురుతో మెరుస్తున్న ఆకు. దాని మీద పురుగు అతుక్కుని ఉండకూడదు. ఉంటే నీళ్లలో కుళ్లి బూజుని పిలుస్తుంది. డ్రోసెరాలో రకాలు చాలా. వాటిలో కాపెన్సిస్, అడెలే ఆకులు తేలిగ్గా లొంగుతాయి. బైనాటా పొడుగాకుని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసుకోవచ్చు. స్పాటులాటా లాంటి చిన్న గుత్తి మొక్కల్లో మాత్రం ఆకుని తొడిమతో సహా మెల్లగా కిందికి లాగి తీయాలి. రీజియా ఆకు మొండిది, దానికి వేరు ముక్కలే మేలు. బర్మానీకి విత్తనమే దారి.

వేడినీళ్లతో కడిగిన గాజు సీసా, అందులో మూడు నాలుగు సెంటీమీటర్ల నీళ్లు, వెంట్రుకల వైపు పైకి ఉండేలా మూడు నాలుగు ఆకులు, పైన మూత. 20 నుంచి 27 డిగ్రీల వేడి, రోజుకి 14 నుంచి 16 గంటలు తెల్లటి ఎల్ఈడీ వెలుతురు. వెలుతురు మంచిదన్నారు కదా అని మూసిన సీసాని నేరుగా ఎండలో పెడితే మధ్యాహ్నానికి ఆకు ఉడుకుతుంది.

ఆ తర్వాత చేయవలసిన పని పేరు ఊరుకోవడం. ఊరకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు గానీ, వాళ్ల చేతికి సీసా ఇచ్చి చూస్తే తెలిసేది. మొదటి రోజుల్లోనే జిగురు కడుక్కుపోతుంది. రెండో వారానికి ఆకు పాలిపోతుంది, చివర గోధుమరంగు తిరుగుతుంది. సరిగ్గా ఇక్కడే బోలెడు ఆకులు చెత్తబుట్టలోకి పోతాయి. మెత్తబడి నల్లగా చీకితే తీసేయండి. ఎక్కడైనా పచ్చదనం మిగిలి ఉంటే వదిలేయండి. ఒకరోజు ఆకు పైముఖాన, వెంట్రుకల మొదట్లో, నువ్వుగింజలో సగం కూడా లేని పచ్చని బొడిపె కనిపిస్తుంది. ఇంకో వారానికి అదే గరిటెల్లాంటి బుల్లి ఆకులు రెండు, వాటి అంచున నాలుగైదు వెంట్రుకలు. భూతద్దం పెట్టి చూడండి, వేలు పెట్టకండి.

దీనికీ తిండి పెట్టాలనే వర్గం ఒకటుంది. వాళ్ల వాదనకి డార్విన్ అండ. 1875లో ఆయన కీటకాహార మొక్కల మీద పుస్తకమే వేశాడు, డ్రోసెరా ఆకుల మీద పాలు, పచ్చిమాంసం పెట్టి చూశాడు. అయితే ఆయన పెట్టింది కుండీలో నిలబడి ఉన్న మొక్కకి.

నీళ్లు మబ్బేస్తే అదే రకం నీళ్లతో మార్చాలి. తెల్లటి నూగు పట్టిన ఆకుని తీసేసి, మిగతావాటిని కడిగి వేరే సీసాలో వేయాలి. పిల్లకి మూడు నాలుగు ఆకులు వచ్చి, సెంటీమీటరు వేరు కనిపించాక నాటాలి. పీట్ (బురదనేలల్లో నాచు కుళ్లి ఏర్పడిన మట్టి), కడిగిన పెర్లైట్ (తేలికపాటి తెల్ల రాతిగుళికలు) సగం సగం. పీట్ సంచి వెనక ‘ఎరువు కలిపినది’ అని ఉంటే అక్కడే వదిలేసి రావాలి. కుండీ అడుగున పళ్లెంలో సెంటీమీటరు నీళ్లు. నీళ్లలో పుట్టిన ఆకు పైపొర పలచన, ఒక్కసారిగా గాలి తగిలితే గంటల్లో ముడుచుకుపోతుంది. అందుకే పారదర్శకమైన మూత వేసి, రెండు వారాల పాటు రోజూ కాస్త కాస్త తెరుస్తూ పోవాలి. కొత్త ఆకుల మీద జిగురు బొట్లు పుడితే కుదురుకున్నట్టే.

ఇదంతా మాకు సమ్మతం కాదు. చెంచాడు ఎరువైనా అడగాలని, రోజుకొకసారైనా మూత తీయనివ్వాలని ఆ మొక్కని డిమాండ్ చేస్తున్నాం. దిగివచ్చేదాకా నిరసనగా సీసా ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాం. ఆరు వారాలైనా సరే, దాన్ని ముట్టుకునేది లేదు.