కాల్షీట్లు లెక్కేస్తే తేలదు

షూటింగ్ మధ్యలో దర్శకుడు మారితే సినిమా ఎవరిదన్న మీ వ్యాసంలో 'సినిమాను పూర్తి చేసి విడుదల దాకా తెచ్చినవాడే దర్శకుడు' అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. చెన్నై సాలిగ్రామంలో ఎడిటింగ్ అసిస్టెంట్‌ని. ఇలాంటి సినిమా మా దగ్గరికొస్తే ఒకే సీన్‌లో రెండు రకాల క్లాపులు (షాట్ మొదట్లో కెమెరాకి చూపే పలకలు) కనిపిస్తాయి. వైడ్ షాట్‌కి పాత డైరెక్టర్ పేరు, క్లోజప్‌కి కొత్తాయన పేరు. హీరో నడక, మాట తీరు మొదటాయన ఖాయం చేసినవే. రెండో ఆయన వాటికి అతికేలా తీయాలి, అదేం చిన్న పని కాదు. ఎవరెన్ని రోజులు తీశారని లెక్కేసి ఏం తేలుస్తాం?

'అల్లూరి సీతారామరాజు' (1974) ఊసే ఎత్తలేదేం? వి. రామచంద్రరావు గారు మధ్యలో చనిపోతే మిగతాది కృష్ణ గారు తీశారు, యాక్షన్ ఘట్టాలు కె.ఎస్.ఆర్. దాస్ గారు చూసుకున్నారు. టైటిల్స్‌లో దర్శకుడిగా రామచంద్రరావు గారి పేరే వేశారు. పోయినవారి విషయంలో మనసు పెద్దది చేసుకోవడం తేలికే లెండి. పేచీ అంతా బతికుండి బయటికెళ్లినవాళ్లతోనే. హిందీ 'మణికర్ణిక' (2019)కి మధ్యలో బయటికెళ్లిన దర్శకుడు క్రిష్, మిగతాది తీసిన హీరోయిన్ కంగనా ఇద్దరి పేర్లూ పడ్డాయి, అయినా ఎవరెంత తీశారన్న రచ్చ ఆగలేదు.

నా మటుకు స్క్రిప్టు, నటుల ఎంపిక ఎవరివో, ఫైనల్ కట్ (ఎడిటింగ్‌లో ఆఖరి మాట) ఎవరిదో చూస్తాను. అవి ఇద్దరివైతే ఇద్దరి పేర్లూ ఒకే సైజులో పడాలి. డైరెక్టర్ మారిన రోజే నిర్మాత ఈ సంగతి కాగితం మీద పెట్టించాలి. ఆ కాగితం లేకనే రిలీజ్ వారంలో ప్రెస్‌మీట్ల గోల.