వంశానికో టార్టన్: ప్రాచీనమన్న మాటకు ఆధారమేదీ?

స్కాట్లాండ్ హైలాండ్ ప్రాంతంలో ప్రతి వంశానికీ, అంటే క్లాన్‌కూ, అనాదిగా తనదైన టార్టన్ గళ్ళ నమూనా ఉండేదని, యుద్ధంలో దాన్ని చూసే తమవారెవరో పోల్చుకునేవారని, ఆ గుర్తులను చెరిపివేయడానికే 1746లో నిషేధం వచ్చిందని, ఇందుకు 16వ శతాబ్దపు రాతప్రతి సాక్ష్యమని చెప్పే సందేశాన్ని చాలామంది పంచుకుంటున్నారు. గళ్ళ బట్ట పాతదన్నంతవరకు వివాదం లేదు. ఫాల్‌కిర్క్ దగ్గర నాణేలతో పాటు దొరికిన గళ్ళ ఉన్నిగుడ్డ ముక్క క్రీ.శ. 3వ శతాబ్దానిది. అయితే ఆ గళ్ళు ఇంటిపేరును తెలిపేవన్నది వేరే వాదన.

యుద్ధం సంగతి ముందు చూద్దాం. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో, గద్దె కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశం కోసం తిరుగుబాటు చేసిన జాకబైట్లకు గుర్తు టోపీకి పెట్టుకున్న తెల్ల రిబ్బను పువ్వే తప్ప గళ్ళు కావు. ఆ తిరుగుబాటును చిత్రించిన డేవిడ్ మోరియర్ చిత్రంలో ఒకే మనిషి ఒంటిమీద రెండు మూడు రకాల గళ్ళు కనిపిస్తాయి. పశ్చిమ ద్వీపాలను వర్ణించిన మార్టిన్ మార్టిన్ సైతం 1703లో, నమూనాను బట్టి మనిషి ఉండే చోటు తెలుస్తుందన్నాడే గాని వంశం తెలుస్తుందనలేదు. గ్రాంట్ వంశపెద్ద 1704లో తనవారిని ఎరుపు, ఆకుపచ్చ గళ్ళు ధరించమని ఆదేశించిన మాట నిజమే. కానీ తరువాతి సంవత్సరాల్లో రిచర్డ్ వెయిట్ గీసిన గ్రాంట్ల చిత్రాల్లో ఏ ఇద్దరి గళ్ళూ ఒకటిగా లేవు.

ఇక నిషేధం. 1747 ఆగస్టు 1 నుంచి అమలైన ఆ చట్టం హైలాండ్ పురుషుల, బాలుర వేషధారణను నిషేధించిందే తప్ప వంశాల నమూనాల ఊసే ఎత్తలేదు. స్త్రీలకు అది వర్తించలేదు, సైనికులకు మినహాయింపు ఉంది. 1782లో రద్దయింది. అందరూ ఒకే నమూనా ధరించడమన్న అలవాటు స్థిరపడింది కూడా, బ్లాక్ వాచ్ వంటి ప్రభుత్వ దళాల్లోనే!

అసలు కథ బానక్‌బర్న్‌లోని విల్సన్ నేత సంస్థలో ఉంది. సైన్యానికి టార్టన్ సరఫరా చేసిన ఆ సంస్థ చాలా నమూనాలను మొదట అంకెలతోనే అమ్మింది. పేర్లుంటే కొనేవారు పెరుగుతారని గ్రహించాక వాటికి ఊళ్ళ పేర్లు, వంశాల పేర్లు తగిలించింది. 1815లో లండన్ హైలాండ్ సొసైటీ ప్రతి వంశపెద్దనూ తమ టార్టన్ ముక్కను ముద్ర వేసి పంపమని కోరినప్పుడు, మక్డోనల్డ్ ప్రభువు తమ టార్టన్ ఏదో తనకే తెలియదని బదులిచ్చాడు. శతాబ్దాలుగా రణరంగంలో గుర్తుగా నిలిచిన బట్టయితే వంశపెద్దకే తెలియకపోవడం ఎలా? 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో పర్యటనకు నవలాకారుడు వాల్టర్ స్కాట్ వంశపెద్దలందరినీ టార్టన్లలో రమ్మనడంతో గిరాకీ మరింత పెరిగింది.

చివరిది రాతప్రతి. తాము స్టూవర్ట్ రాజవంశీకులమని చెప్పుకున్న ఇద్దరు సోదరులు 1842లో దాన్ని అచ్చువేశారు. మూలప్రతిని ఏ పండితుడికీ చూపలేదు. స్కాట్ 1829లోనే దాన్ని శంకించాడు. తరువాతి పరిశోధకులు కూటసృష్టి అని తేల్చారు. అయినా అందులోని నమూనాలు కొన్ని నేటికీ ఆయా వంశాల టార్టన్లుగానే దుకాణాల్లో అమ్ముడవుతున్నాయి.