క్రాఫ్ట్ బీరు వ్యాపారాభివృద్ధికి కొన్ని సవినయ సూచనలు

తెలుగువాడు చదువుకుని, పదేళ్లు సాఫ్ట్‌వేర్ చేసి, ఫ్లాటు లోను తీరాక ఏం చేయాలన్నది మన సమాజం చాలాకాలం తేల్చుకోలేకపోయింది. ఒక తరం కోచింగ్ సెంటర్ పెట్టింది. తర్వాతి తరం బిర్యానీ పాయింట్ పెట్టింది. మధ్యలో కొందరు దేశవాళీ ఆవుల మీద పడ్డారు. ఇప్పుడు ఏకాభిప్రాయం కుదిరింది. బ్రూవరీ పెట్టాలి, అంటే సొంతంగా బీరు కాచి అమ్మాలి. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఒక సాయంత్రం తిరిగితే ఈ ఏకాభిప్రాయం ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. అద్దాల వెనక నిలువెత్తు స్టీలు ట్యాంకులు, వాటికి ముందు పార్కింగ్ దొరకని కార్లు.

ఇది చిన్న ప్రయాణం కాదు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబు ఎత్తేశారు. ఇంకో ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే రంగానికి ఇన్వెస్టర్లు వచ్చారు. తోటలో కాస్తే కేసు, మాల్‌లో కాస్తే కెరీర్. దీన్ని ప్రగతి అనకపోతే ఇంక దేన్నీ అనలేం.

అందుచేత ఈ పరిశ్రమ మేలు కోరే పౌరుడిగా, కస్టమర్లను పెంచుకోవడం గురించీ, డబ్బును తెలివిగా నడపడం గురించీ కొన్ని సూచనలు చేస్తున్నాను. వీటిలో చాలావరకు ఇప్పటికే అమల్లో ఉన్నాయి. నేను వాటికి శాస్త్రీయమైన సమర్థన మాత్రమే ఇస్తున్నాను.

కొత్త కస్టమర్ ఆఫర్‌తో వస్తాడన్నది నిరూపితమైన సత్యం. బుధవారం ఆడవాళ్లకు ఫ్రీ, గురువారం ఒకటి కొంటే ఒకటి, శుక్రవారం డీజే, ఆదివారం పెద్ద తెర మీద మ్యాచ్. ఆఫర్ చూసి వచ్చినవాడు పక్క రోడ్డులో ఇంకో ఆఫర్ చూసి వెళ్లిపోతాడు కదా అని కొందరు చాదస్తులు అడుగుతారు. వెళ్లనివ్వండి. అక్కడ ఆఫర్ అయిపోగానే అక్కడివాడు మన దగ్గరికి వస్తాడు. ఈ పద్ధతిలో ఊళ్లో ఉన్న తాగేవాళ్లంతా అన్ని బ్రూవరీలకూ ఎప్పటికీ కొత్త కస్టమర్లే. పాతబడేవాడు ఒక్కడూ ఉండడు. మార్కెటింగ్ వాళ్లు ఇంతకంటే ఏం కోరుకుంటారు?

వచ్చినవాణ్ని ఆశ్చర్యపరచడానికి బీరు పోసే ట్యాపులు పెంచాలి. ఎనిమిది రకాలుండాలి. ఒకదాంట్లో మామిడి, ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో మిరపకాయ. బవేరియాలో 1516లో బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పువ్వులు, నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదని చట్టం చేశారట. వాళ్లకు పచ్చళ్ల సంప్రదాయం లేక అలా చేశారు. కస్టమర్ చిన్న చిన్న గ్లాసుల్లో ఎనిమిదీ రుచి చూస్తాడు, ఎనిమిదింటికీ తల ఊపుతాడు, చివరికి వీట్ బీరే, అంటే గోధుమ బీరే చెప్తాడు. ఇంకాస్త నిజాయితీపరుడైతే కింగ్‌ఫిషర్ ఉందా అని అడుగుతాడు. మిగతా ఏడూ ట్యాంకుల్లోనే ఉండి ఇంటీరియర్‌కు అందం తెస్తాయి. గోధుమతో బెల్జియం వాళ్లు చేసే విట్ రకంలో నారింజ తొక్కతో పాటు ధనియాలు కూడా వేస్తారు. అది మనవాళ్లకు అంత తొందరగా ఎందుకు పట్టుబడిందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ధనియాలు పడ్డ ద్రవం ఏదైనా మన నాలుకకు చారు లాంటిదే.

ప్రచారం సంగతి కొంచెం సున్నితం. మద్యానికి ప్రకటనలు ఇవ్వకూడదు. పెద్ద కంపెనీలు ఈ చట్టాన్ని శిరసావహించి, అదే పేరుతో సోడా అమ్ముతున్నామనీ, మ్యూజిక్ సీడీలు అమ్ముతున్నామనీ కోట్లు పెట్టి దేశానికి చెప్పుకున్నాయి. చిన్న బ్రూవరీకి సోడా పెట్టే స్తోమత ఉండదు. అందుకని గ్లాసు మీద నురగ దిగే రీలు పెట్టి కింద ‘మంచి వాతావరణం’ అని రాస్తుంది. వాతావరణ శాఖ కూడా ఇంత నమ్మకంగా చెప్పలేదు.

ఇక బోర్డుల మీద రాస్తున్న మాటలు చూడండి. తాజాది, స్థానికం, చిన్న బ్యాచ్, పాశ్చరైజ్ చేయనిది, ప్యాకింగ్ లేనిది. తెలంగాణ పల్లెల్లో ఇవన్నీ ఉన్న పానీయం ఒకటి పొద్దున్నే చెట్టు దిగుతుంది. గీత కార్మికుడు మోకు కట్టుకుని ఎక్కుతాడు, దింపుతాడు, మధ్యాహ్నానికి అమ్మేస్తాడు. ట్యాంకు లేదు, కూలింగ్ లేదు, పులియబెట్టే ఈస్ట్ కూడా గాల్లోంచి దానంతటదే వస్తుంది. వాడుకగా వచ్చేవాళ్లలో ఎవరికి ఏ చెట్టు కల్లు నచ్చుతుందో ఆయనకు నోటికి తెలుసు. దీన్నే బెంగళూరులో కస్టమర్ డేటా అంటారు. కానీ ఆయన దగ్గర ఇన్వెస్టర్లకు చూపించే పిచ్ డెక్ లేదు, కనుక వాల్యుయేషనూ లేదు. (పట్నం కాంపౌండ్లలో మందు కలిపి అమ్మే కల్లు సంగతి వేరు. దానికి పోలీసులున్నారు.)

డబ్బు విషయానికి వస్తే, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మన బ్రూవరీల సమానత్వ దృష్టి. వీట్ బీరు లాంటి ఏల్ రకాలు వెచ్చగా పులుస్తాయి, రెండు వారాలు అటూ ఇటూగా గ్లాసులోకి వచ్చేస్తాయి. కింగ్‌ఫిషర్ లాంటి లాగర్ అలా కాదు. చల్లగా నెలో నెలన్నరో ట్యాంకులో పడుకోవాలి. అదే ట్యాంకు, అదే అద్దె, అదే కరెంటు బిల్లు. లాగర్ ఒకసారి అమ్ముడయ్యేలోపు ఏల్ రెండు మూడుసార్లు అమ్ముడుపోతుంది. లెక్క తెలిసినవాడు ట్యాంకు ఎన్ని రోజులు నిండి ఉంది, రోజుకు ఎంత తెచ్చింది అని చూస్తాడు. లాగర్‌కు ఎక్కువ ధర వేస్తాడు, లేదా ఎనిమిది ట్యాపుల్ని నాలుగు చేస్తాడు. మన యజమాని మాత్రం మెనూలో రెండింటికీ ఒకటే ధర వేస్తాడు, లాభం ఎందుకు రావడం లేదని డీజేని మారుస్తాడు.

బీరుకు రసం తీసేశాక మిగిలే తడి గింజను మాత్రం పొద్దున్నే పాడి రైతు వచ్చి తీసుకెళ్తాడు. బర్రెలకు మంచి దాణా. ఈ వ్యాపారంలో రోజూ వచ్చి, ఆఫర్ అడగకుండా, రివ్యూలో ఒక్క స్టార్ ఇచ్చి బెదిరించకుండా ఉన్న కస్టమర్ ఆ బర్రె ఒక్కతే. ఎక్కువచోట్ల దాని దగ్గర డబ్బులు తీసుకోరు.

ఇందరు కస్టమర్లలో అందరికంటే ముందు గ్లాసు ఎత్తేది ప్రభుత్వం. ట్యాంకు కొంటే జీఎస్టీ, ఏసీ కొంటే జీఎస్టీ, అద్దె మీద జీఎస్టీ. తయారైన బీరు మాత్రం జీఎస్టీ పరిధిలోకి రాదు, దానికి రాష్ట్రం సుంకం, వ్యాటు వేరు. కాబట్టి కట్టిన జీఎస్టీని బీరు పన్నులోంచి తగ్గించుకునే వీలు లేదు. పోనీ చికెన్ వింగ్స్‌లో తగ్గించుకుందామంటే, మామూలు రెస్టారెంటు తిండి మీద 5 శాతం వసూలు చేయండి, ఇన్‌పుట్ క్రెడిట్ అడక్కండి అన్నారు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించమని రాజ్యానికి చెబుతుంది. అదే రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మద్యం మీద సుంకం వేసుకునే హక్కు రాష్ట్రాలకు ఇస్తుంది. మన రాష్ట్రాలు రెండింటినీ గౌరవిస్తాయి. మొదటిదాన్ని అక్టోబర్ 2న, రెండోదాన్ని మిగతా రోజుల్లో. ఎన్నికలొస్తే పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు కూడా ట్యాపు కట్టేయాలి. ఓటరు ఆ రెండు రోజులూ తాగడని అందరికీ నమ్మకం.

ఇన్ని కష్టాల్లో పెట్టుబడి ఎక్కడ తేవాలంటే, స్కాట్లాండ్ దారి చూపించింది. బ్రూడాగ్ అనే కంపెనీ తన బీరు తాగేవాళ్లకే వాటాలు అమ్మింది. ‘ఈక్విటీ ఫర్ పంక్స్’ అని పేరు, అంటే ఆ తాగేవాళ్లే పంకులు. అదే కంపెనీ 2010లో 55 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు చేసి, సీసాల్ని చచ్చిన ఉడుతల్లోనూ, స్టోట్లనే ముంగిసలాంటి జంతువుల్లోనూ దూర్చి, ఒక్కోటి 500 పౌండ్లకూ అంతకు పైనా అమ్మింది. దాని ఆర్థిక నైపుణ్యం మాత్రం 2017లో బయటపడింది. ఆ ఏడాది ఒక అమెరికా పెట్టుబడి సంస్థ వచ్చి, ఏటా 18 శాతం చక్రవడ్డీలా పెరిగే ప్రాధాన్య వాటాలు తీసుకుంది. అంటే కంపెనీ అమ్ముడైతే ముందు వాళ్ల లెక్క తీరాలి, ఏమైనా మిగిలితే పంకులకు. చిట్టీ పాట తెలిసిన మన ఆడవాళ్లలో ఏ ఒక్కరిని అడిగినా ఆ వరసలో నిలబడకండి అని చెప్పేవారు. అయితే ఒక లాభం ఉంది. వాటాదారుడైన కస్టమర్ బీరు పుల్లగా ఉందని అనడు. అంటే తన ఆస్తినే తను తిట్టుకున్నట్టు.

పెట్టుబడి వచ్చాక మనవాడు అక్కడితో ఆగడు. మైక్రోబ్రూవరీ అంటే అక్కడే కాచి అక్కడే పోయడం. పెరగాలంటే సీసాలో పోయాలి. తెలంగాణలో సీసా పట్టాడంటే నేరుగా దుకాణానికి అమ్మే పని లేదు, ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మాలి. రేటు వాళ్లే నిర్ణయిస్తారు, డబ్బు వాళ్లే ఎప్పుడో ఇస్తారు. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్, 2019 నుంచి రేటు పెంచలేదనీ, తనకు వందల కోట్లు బకాయి ఉందనీ చెప్పి రాష్ట్రానికి సరఫరా ఆపేసింది. కొన్నాళ్లకు మళ్లీ మొదలుపెట్టింది, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. కౌంటర్ దగ్గర ఒక్క తాగుబోతుకూ అరువివ్వని సరుకు మీద ఇంత బకాయి ఎలా పేరుకుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. అంత పెద్ద కంపెనీ కాబట్టి అలక పాన్పు ఎక్కగలిగింది. ఎనిమిది ట్యాపుల మనవాడు అలిగితే ఆ సంగతి వాళ్లావిడకు తప్ప ఎవరికీ తెలియదు.

అయినా కొందరు ఆ మెట్టూ దాటారు. వాళ్లలో బిరా 91 అందరికంటే ముందు వెళ్లింది. కోతి బొమ్మ, కుర్రకారు, ఊరూరా సీసాలు. పబ్లిక్ ఇష్యూకు వెళ్దామనుకుంది. వెళ్లాలంటే కంపెనీ పేరులో ‘ప్రైవేట్’ అన్న మాట తీసేయాలి. బిరా తయారుచేసే ‘బి9 బేవరేజెస్ ప్రైవేట్ లిమిటెడ్’ కాస్తా ‘బి9 బేవరేజెస్ లిమిటెడ్’ అయింది. అదే కోతి, అదే బీరు, అదే ఫ్యాక్టరీ. కానీ రాష్ట్రాల ఎక్సైజ్ శాఖలు చూసి, ఈ కంపెనీ ఎవరో మాకు తెలియదు, లేబుళ్లు మళ్లీ రిజిస్టర్ చేయించుకోండి అన్నాయి. నెలల తరబడి అమ్మకాలు ఆగాయి. పాత పేరుతో అచ్చయిన దాదాపు 80 కోట్ల సరుకు వదులుకోవాల్సి వచ్చింది. 2023-24లో కంపెనీ అమ్మకాలు 638 కోట్లు, నష్టం 748 కోట్లు. నష్టమంతా ఆ ఒక్క మాట వల్లే అనను గానీ, అమ్మినదానికంటే పోగొట్టుకున్నది ఎక్కువ.

మన కుర్రాళ్ల పిచ్ డెక్‌లలో ‘రిస్కులు’ అని ఒక పేజీ ఉంటుంది. పోటీ, వర్షాకాలం, దిగుమతి హాప్స్ ధర, డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు అన్నీ శ్రద్ధగా రాస్తున్నారు. ఆ జాబితా చివర ‘విశేషణాలు’ అని కూడా ఒక పాయింట్ చేర్చుకోవాలని మనవి.