సముద్రం తప్ప అన్నీ కలిపి అద్దె

హైదరాబాదుకు సముద్రం లేదని కొందరు ఇంకా బెంగ పెట్టుకుంటున్నారు. భూగోళం పుస్తకాలు చదివినవాళ్లతో వచ్చిన చిక్కే ఇది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున, దక్కను రాళ్ల మీద కూర్చున్న ఊరికి తీరం ఎక్కణ్నుంచి వస్తుందని వాళ్ల వాదన. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఇళ్ల ఓనర్లు ఈ వాదనను ఎప్పుడో కొట్టిపారేశారు. వాళ్ల లెక్కలో మనది తీరప్రాంతమే, అద్దె కూడా ఆ లెక్కనే వసూలవుతోంది. కెరటాలు రావడం ఒక్కటే ఆలస్యం.

నమ్మనివాళ్లు దుర్గం చెరువు దాకా వెళ్లి రావచ్చు. దాని మీద తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు. అంతవరకు ఆ చుట్టుపక్కల ఫ్లాట్లకు కిటికీలు ఉండేవి. తర్వాత వాటికి లేక్ వ్యూ వచ్చింది. విశాఖలో పుట్టి పెరిగిన కుర్రాడొకడు బీటెక్ అయ్యాక మాదాపూర్‌లో ఇల్లు వెతుక్కుంటున్నాడనుకోండి. ఇన్నేళ్లూ ఆర్కే బీచ్ గాలిని పైసా ఖర్చు లేకుండా పీల్చాడు కాబట్టి నీటి విలువ వాడికి తెలీదు. బ్రోకరు వాణ్ని ఆరో అంతస్తులో యుటిలిటీ బాల్కనీలోకి తీసుకెళ్లి, వాషింగ్ మెషీన్ కుళాయి పక్కన నిలబెట్టి, మెడ కాస్త ఎడమకు తిప్పమంటాడు. రెండు టవర్ల సందులో, ఎదుటివాళ్లు ఆరేసిన దుప్పటి గాలికి తొలగినప్పుడు, జానెడు నీళ్లు తళుక్కుమంటాయి. "చూశారా సార్, లేక్ వ్యూ!" ఎదుటివాళ్లు దుప్పట్లు ఉతికిన రోజున వ్యూ ఉండదు. అద్దె ఉంటుంది.

అంత అద్దె ఇస్తానన్నా ఇల్లు ఇచ్చేస్తారనుకుంటే పొరపాటు. ఈ పేటలు నిలబడిందే కుర్రకారు జీతాల మీద. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఇక్కడ లేచిన అంతస్తుల్లో చాలావాటిని వాళ్లను చూసుకునే లేపారు. లేపాక గేటుకు 'ఫ్యామిలీస్ ఓన్లీ' అని బోర్డు కట్టారు. కంపెనీ ఇంటర్వ్యూలో మూడు రౌండ్లు దాటినవాడు కూడా ఓనరు గారి ఒక్క రౌండ్‌లో పోతాడు.

"ఇంటిపేరేంటి బాబూ?"

చెబుతాడు.

"సొంతూరు?"

అదీ చెబుతాడు.

"అంటే... మీరూ..."

ఈ మూడో ప్రశ్న పూర్తవదు, కుర్రాడే పూర్తి చేసి జవాబివ్వాలి. వెంటనే ఓనరు గారు, "మాకలాంటి పట్టింపులేం లేవండీ, ఊరికే అడిగా" అంటారు. ఆ తర్వాతి మాట "ఇంట్లో ఒకసారి అడిగి చెప్తా" అయితే ఇంకో టు-లెట్ బోర్డు చూసుకోవడం మంచిది. ఇంట్లో ఎవరూ లేని ఓనర్లు కూడా ఇంట్లో అడిగే చెప్తారు.

ఇక నాన్‌వెజ్ సంగతి. బిర్యానీ పేరు మీద బతికే ఊళ్లో కోడిగుడ్డు పెంకును పేపర్లో చుట్టి, బ్యాగులో దాచి, ఆఫీసు చెత్తబుట్టలో పడేసేవాళ్లు ఉన్నారు. ఓనరు గారి మనవడు ఆదివారం తెచ్చుకునే పార్సిల్ ఈ నిబంధన కిందికి రాదు. అది ఇంట్లో వండింది కాదు కదా!

అగ్రిమెంటు పదకొండు నెలలకు ఎందుకంటారా? చరిత్రలోకి వెళ్లాలి. 1908 మన అద్దెదారులకు మరపురాని ఏడాది. ఆ సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచింది. ఆ డిసెంబరులోనే బ్రిటిష్ ఇండియాలో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది, ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించాలంది. మూసీ మళ్లీ పొంగకుండా గండిపేట జలాశయం కట్టారు. చట్టం పొంగకుండా ఓనర్లు పదకొండు నెలల కట్ట వేశారు. ఈ రెండో కట్టకు ఇంతవరకు ఎక్కడా గండి పడలేదు.

ప్రభుత్వమే మన తీరప్రాంత హోదాను గుర్తించడంలో వెనకబడింది. పాత పన్ను విధానంలో ఇంటద్దె అలవెన్సు మినహాయింపు కోసం జీతంలో 50 శాతం దాకా లెక్కగట్టే అదృష్టం దశాబ్దాలపాటు ముంబై, చెన్నై, కోల్‌కతా, ఢిల్లీలకే దక్కింది. అన్నాళ్లూ హైదరాబాదుకు 40 శాతమే. సముద్రం లేదని తగ్గించారనుకుందామంటే ఢిల్లీకేముంది? ఆ మినహాయింపు దక్కాలంటే, అద్దె ఏడాదికి లక్ష దాటితే, ఓనరు పాన్ నంబరు చూపించాలి. ఇంటిపేరు నుంచి వంటింటి దాకా ఆరా తీసిన పెద్దమనిషి తన పది అక్షరాలు అడిగేసరికి కొత్త పెళ్లికూతురిలా ముడుచుకుపోతాడు. "మన మధ్య అవన్నీ ఎందుకు బాబూ, నువ్వు నా కొడుకులాంటివాడివి." ఈ పుత్రవాత్సల్యం అద్దె పెంచే రోజున కనబడదు.

తీరమన్నాక ఆటుపోట్లు తప్పవు. మార్చిలో ఆటు. బోరు గాలి కక్కుతుంది, ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్సులో చేరుతుంది, ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకానే నీళ్లని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారి మెసేజ్ వస్తుంది. ఎనిమిదింటికి తలకు షాంపూతో ఉన్నవాడి గతి ఆ మెసేజ్‌లో ఉండదు. జూలై దాటాక పోటు. సెల్లార్‌లో బైకులు సీటు దాకా మునుగుతాయి, వాచ్‌మన్ సంపు మూత వెతుక్కుంటూ నీళ్లలో దేవులాడతాడు. ఆ నాలుగు రోజులు మాత్రం లేక్ వ్యూ అని చెప్పి మోసం చేశారనడానికి లేదు, చెరువు గేటులోపలికే వచ్చి ఉంటుంది. చెరువు స్థలంలో ఇల్లు కట్టామా, ఇంటి స్థలంలోకి చెరువు వచ్చిందా అన్నది చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపులకు వదిలేద్దాం. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి, దుర్గం చెరువు చుట్టుపక్కల ఇళ్లకు నోటీసులు అందినప్పుడు కాలనీల్లో ఎవరికీ నిద్ర లేదు. హాయిగా పడుకున్నది కిరాయికున్నవాళ్లే. ఇల్లు లేకపోవడం వల్ల ఒక లాభం కూడా ఉందని వాళ్లకు అప్పుడే తెలిసింది.

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద అడ్వాన్సులో ఒక నెల అద్దె కోస్తారు. మేకు కొట్టొద్దన్నారని కుర్రాడు క్యాలెండరు కూడా ఫ్రిజ్‌కే అంటించి ఉంటాడు. అయినా కోస్తారు, అది ఆనవాయితీ. ఆ డబ్బుతో నిజంగా రంగు వేయించారో లేదో తెలుసుకోవాలంటే అదే ఫ్లాట్‌లో మళ్లీ దిగాలి. దాని అద్దె ఇప్పుడు మూడు వేలు ఎక్కువ.