పరామర్శ గారికి ఒక విన్నపం

పరామర్శ గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో డెంగీ, బతుకమ్మ చెయ్యి చెయ్యి పట్టుకుని వస్తాయని మీకు తెలియంది కాదు. అటు గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతిపూలు గుట్టలు పడతాయి, ఇటు పూలకుండీల కింద ప్లేట్లలో దోమపిల్లలు ఈదుతుంటాయి. ఏటా ఏదో ఒక ఇంట్లో కొత్త లంగా ఓణీ బీరువాలో, పదో తరగతి పిల్ల మంచంలో. మీరు సోఫాలో.

చేతిలో డజను ఆపిల్స్. చెప్పులు విప్పీ విప్పకముందే "ప్లేట్‌లెట్లు ఎన్ని?" 90 వేలంటే పెదవి విరుస్తారు. తెలిసినవాళ్ళ అమ్మాయికి 15 వేలకు పడిపోయిన కథ పిల్ల వింటుండగానే ఎత్తుకుంటారు. రక్తస్రావం లేనప్పుడు, అంకె మరీ పాతాళానికి దిగితే తప్ప డాక్టర్లు ప్లేట్‌లెట్లు ఎక్కించరన్న ముక్క మీ కథలో ఎప్పుడూ ఉండదు. ఆపైన బొప్పాయి ఆకు రసం. ఆగని వాంతులు డెంగీలో ప్రమాద సూచన. ఆ చేదు పట్టించాక అయిన వాంతి రోగానిదో మీ రసానిదో ఎవరు తేల్చాలి?

ఇక ఓదార్పు. "ఏంగాదు బిడ్డా, మల్లొచ్చే ఏడు ఆడొచ్చు!" వచ్చే ఏడు ఇంటర్ అండీ. చివరి రోజు సద్దుల బతుకమ్మకు హాస్టల్ వాళ్ళు పంపుతారో లేదో, ఈ దోస్తులంతా ఏ కాలేజీల్లో తేలతారో. పోయింది పోయిందే, ఆ మాట ఒప్పుకోండి. తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, ఆట లేదు. అమ్మవారి అలకకు పూర్తిగా ఒక రోజు రాసిచ్చిన ఊళ్ళో, పదిహేనేళ్ళ పిల్లకు అరగంట ఇవ్వలేరా?

అయితే అలకకూ మగతకూ తేడా తెలియాలి. అలిగిన పిల్ల పిలిస్తే విసుక్కుని గోడవైపు తిరుగుతుంది. పిలిచినా మత్తుగా ఉన్నా, స్థిమితం లేకుండా దొర్లుతున్నా, చేతులు చల్లబడినా, కడుపునొప్పి ఎక్కువైనా, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా, మూత్రం తగ్గినా వెంటనే ఆస్పత్రికే. ఈ ప్రమాదం ఎక్కువగా జ్వరం దిగే వేళ వస్తుంది, సాధారణంగా జ్వరం మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. జ్వరం దిగిన ఆ 24 నుంచి 48 గంటల్లో రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోవచ్చు. సరిగ్గా అప్పుడే మీరు "జ్వరం తగ్గిందిగా, గంటసేపు కింద ఆడొస్తే ఏమైతది?" అంటారు. ఒళ్ళునొప్పులకని మీ హ్యాండ్‌బ్యాగులోంచి ఐబుప్రోఫెన్ కూడా తీస్తారు. తీయకండి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఒక్కటే.

మరి ఏం చేయాలంటారా? ముందు ఆమెనే అడగండి. సరేనంటే మంచం పక్కన స్టీలు తాంబాళంలో గుమ్మడాకు పరిచి జానెడు బతుకమ్మ పేర్చండి. ఏ వరసలో తంగేడు, ఏ వరసలో రంగు గునుగు అన్నది ఆమె చెబుతుంది, పేర్చేది మీరు. పావుగంట చాలు, అలసిపోతే సగంలోనే ఆపేయండి. సెలైన్ సూది లేని చేతికే గోరింటాకు, అదీ వేళ్ళ కొసలు వదిలేసి. ఆక్సిమీటరు తగిలించేది అక్కడే. దోస్తులు వీడియో కాల్ చేసేదేదో ఆట మొదలుకాక ముందే చేయాలి. డీజే పెట్టాక పిల్లకు వినబడేది గోల, కనబడేది ఎవరిదో మోచెయ్యి. నిమజ్జనం ఫొటోలు అడిగితేనే పంపండి. నైవేద్యం పెట్టిన సద్దుల్లోంచి, వాంతులు లేకపోతే, పెరుగన్నం రెండు ముద్దలు, చింతపండు పులిహోర మీరే తినండి.

ఇంకొకటి. మీరొచ్చేది పగలే, ఈ దోమ కుట్టేదీ పగలే. అందుకే జ్వరం ఉన్నన్నాళ్ళు పిల్ల పట్టపగలు కూడా దోమతెరలోనే ఉంటుంది. దాన్ని ఎత్తి తల లోపల పెట్టకండి. ఆమెను కుట్టిన దోమ వారం పది రోజులయ్యాక మిమ్మల్నే కుడితే, తమరిని పరామర్శించడానికి ఎవరొస్తారండీ?

ఇట్లు,
ఆపిల్స్ పెట్టడానికి ఫ్రిజ్‌లో చోటు లేని ఇంటివాళ్ళు