ఫైబర్ పీకేయమంటున్న ఆ మెసేజ్ గురించి

అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. చివరికి మా మేనత్త కూడా "ఇది నిజమేనా నాన్నా, మన కేబుల్ తీసేయించమంటావా?" అని పంపింది. అత్తయ్య అడిగింది కాబట్టి రాస్తున్నాను. మిగతావాళ్లు అడగలేదు, చదివీ చదవకుండానే ఫార్వర్డ్ కొట్టారు.

చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది ఇదీ: స్టార్‌లింక్ (ఎలాన్ మస్క్ కంపెనీ ఉపగ్రహాల నుంచి ఇచ్చే నెట్) వచ్చేసింది, ఫైబర్ పని అయిపోయింది. దేశంలో ఇదే మొదటి శాటిలైట్ నెట్. వైరు అక్కర్లేదు, ఇంట్లో ఏ మూలన పెట్టినా పనిచేస్తుంది. ఫైబర్‌కి పదింతల వేగం. వానకి ఆగదు. ఏ ప్రభుత్వమూ ఆపలేదు. అమెరికాలో ఉన్న మీవాళ్లతో కిట్ తెప్పించుకోండి, లేదా కింది లింకులో బుక్ చేసుకోండి. నాసా ధ్రువీకరించింది. మీ ఫైబర్ కనెక్షన్ ఇప్పుడే రద్దు చేసుకోండి.

నాసా సంగతి ముందే తేల్చేద్దాం. ఇళ్లకి వచ్చే నెట్‌ని ధ్రువీకరించడం నాసా పని కాదు.

దేశంలో మొదటిదా? కాదు. హ్యూస్ సంస్థ ఇస్రో ఉపగ్రహాలతో 2022లోనే సేవ మొదలుపెట్టింది. ఇలాంటి నెట్ ఇచ్చే ఇంకో కంపెనీ వన్‌వెబ్ వాళ్ల 72 ఉపగ్రహాలు 2022 అక్టోబర్‌లోనూ 2023 మార్చిలోనూ మన శ్రీహరికోట నుంచే పైకెళ్లాయి. పక్కూళ్లో జరిగిన పెళ్లికి కూడా వెళ్లనివాళ్లు అమెరికా పెళ్లి కబుర్లు చెబుతున్నట్టుంది వ్యవహారం.

ఇక వైరు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. ఒకటి నెత్తిమీద నుంచి దాటిపోగానే డిష్ ఇంకోదాన్ని పట్టుకోవాలి. అందుకని దానికి ఆకాశం నలువైపులా ఖాళీగా కనపడాలి. కొబ్బరి మట్ట అడ్డొచ్చినా, నీళ్ల ట్యాంకు అడ్డొచ్చినా ఆ కాసేపు నెట్ పోతుంది. ఇంట్లో ఏ మూలనో పెడితే దానికి కనపడేది సీలింగ్ ఫ్యానే. కాబట్టి డాబా మీద పెట్టాలి. డాబా మీది డిష్ నుంచి ఇంట్లో రౌటర్‌కి వైరు లాగాలి. స్టాండర్డ్ కిట్‌తో 15 మీటర్ల కేబుల్ ఇస్తారు. ఐదంతస్తుల బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకి ఆ వైరు కూడా చాలదు, పైగా డాబా మీద మేకు కొట్టాలంటే అసోసియేషన్ ప్రెసిడెంట్‌గారి అనుమతి కావాలి. అది తెచ్చుకోవడం కంటే స్పెక్ట్రం తెచ్చుకోవడం తేలిక.

కరెంటు సంగతి ఆ మెసేజ్‌లో అసలు లేదు. ఫైబర్ డబ్బా, రౌటర్ కలిపినా పది పదిహేను వాట్లు దాటవు. అరచేతంత మినీ యూపీఎస్‌తో గంటలు నడుస్తాయి. స్టాండర్డ్ కిట్‌లోని డిష్ 75 నుంచి 100 వాట్ల దాకా తాగుతుంది. పగలంతా కోతలుండే ఊళ్లో ఇన్వర్టర్ మీద దీని భారం కూడా వేస్తే రాత్రికి ఫ్యాను తిరగదు.

పదింతల వేగమట. మన గుంటూరు ఎంపీ, కేంద్ర టెలికాం సహాయమంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ 2025 జులైలో చెప్పిన లెక్క ఇదీ: దేశం మొత్తానికి స్టార్‌లింక్ ఇవ్వగలిగేది 20 లక్షల కనెక్షన్లు, వేగం గరిష్ఠంగా 200 ఎంబీపీఎస్, నెలకి సుమారు 3,000 రూపాయలు, మొదట్లో పరికరానికి పెట్టే ఖర్చు అదనం. జియోఫైబర్‌లో 100 ఎంబీపీఎస్ ప్లాన్ 699 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇందులో పదింతలు ఎక్కడుందో నాకు కనపడలేదు. బిల్లులో అయితే నాలుగింతలుంది.

20 లక్షల దగ్గరే ఎందుకు ఆగాలంటే, నల్లమల మీద ఉన్న ఆకాశమే కూకట్‌పల్లి మీదా ఉంది. ఉపగ్రహం నుంచి దిగే బ్యాండ్‌విడ్త్, అంటే ఒకేసారి పంపగల డేటా, ఒక్కో ప్రాంతానికి ఇంతేనని ఉంటుంది. అడవిలో దాన్ని పంచుకునేవాళ్లు పది మంది, కాలనీలో పదివేల మంది. జనం పెరిగితే వీధిలో ఇంకో ఫైబర్ లాగుతారు గానీ, ఒక్క కాలనీ కోసం ఆకాశంలో ఇంకో వరస వేయలేరు కదా. నైరోబీలోనూ లాగోస్‌లోనూ 2024 నవంబర్ నాటికే "సీట్లు నిండాయి" అని కొత్త కనెక్షన్లు ఆపేశారు. ఇంకో మాట. ఉపగ్రహం పట్టుకున్న డేటా గాల్లోనే ఉండిపోదు. నేలమీద ఉపగ్రహాన్ని ఇంటర్నెట్‌తో కలిపే గేట్‌వే స్టేషన్‌కి దిగుతుంది, అక్కణ్నుంచి పోయేది ఫైబర్‌లోనే. ఫైబర్ పని అయిపోతే ముందు దీని పనే అయిపోతుంది.

ఒక్కటి మాత్రం న్యాయంగా చెప్పాలి. పాతరకం శాటిలైట్ నెట్‌ని చూసి దీన్ని కొట్టిపారేసేవాళ్లదీ తప్పే. అవి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండేవి. మాట పోయి జవాబు రావడానికి అర సెకను పైనే పట్టేది, వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోయేవాళ్లు. ఇవి కిందుగా ఉంటాయి కాబట్టి మాట తేడా లేకుండా నడుస్తుంది.

వానకి ఆగదన్నవాళ్ల ఇంట్లో డిష్ టీవీ ఉండి ఉండదు. గట్టిగా ఉరిమి కురిసినప్పుడు తెరమీద 'నో సిగ్నల్' ఎందుకొస్తుందో ఇక్కడా అందుకే వస్తుంది. ఇవి రెండూ వాడే పౌనఃపున్యాల్లో సిగ్నల్‌ని వానచినుకులు మింగేస్తాయి. ముసురుకి ఫరవాలేదు, కుంభవృష్టికి తట్టుకోదు.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికొస్తాను. కిట్ అమెరికా నుంచి తెప్పించుకోమన్న మాట. నిన్న ఒక మిత్రుడు నిజంగానే అడిగాడు: "మా బావమరిది దసరాకి డల్లాస్ నుంచి వస్తున్నాడు, సూట్‌కేసులో పెట్టుకు రమ్మంటే సరిపోతుందా?" సరిపోదు బాబూ. మామిడికాయ పచ్చడి అటు తీసుకెళ్లినట్టు దీన్ని ఇటు తీసుకురాకూడదు. మనదేశంలో అనుమతి లేకుండా ఉపగ్రహ పరికరం వెంట ఉంచుకోవడమే నేరం. 2024 డిసెంబర్‌లో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా పర్యాటకురాలిని ఆపేశారు. ఆవిడ దగ్గరున్నది కొండలెక్కేవాళ్లు దారి తప్పితే కబురు పంపుకునే చిన్న గార్మిన్ పరికరం, అంతే. 2025 జనవరిలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఈ విషయం ప్రయాణికులకి ముందే చెప్పమని విమాన సంస్థలకి సూచించింది కూడా.

స్టార్‌లింక్ డబ్బా అంటే ఇంకా అనుమానం. 2024 నవంబర్‌లో అండమాన్ దగ్గర దాదాపు ఆరు టన్నుల మాదకద్రవ్యంతో దొరికిన మయన్మార్ పడవలో ఇదే పరికరం ఉంది. మరుసటి నెలలో మణిపూర్‌లోని ఇంఫాల్ తూర్పు జిల్లాలో తుపాకులతో పాటు ఇదే గుర్తున్న డిష్ దొరికింది. ఆ రెండు కేసులూ చదువుకున్న అధికారి ముందు మీ బావమరిది సూట్‌కేసు తెరిచి "మా బావగారి ఇంట్లో నెట్ స్లో అండీ" అంటే ఆయన నమ్మాలి. సెలవు మూడు వారాలు, వీసా స్టాంపింగ్ ఒకపక్క, అమ్మవారి దర్శనం ఒకపక్క, మధ్యలో ఈ పోలీస్ స్టేషనొకటి. పోనీ తప్పించుకుని తెచ్చారనుకుందాం. అక్కడి ఖాతాతో ముడిపడ్డ డిష్ ఇక్కడ డాబా మీద వడియాలు ఎండబెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఏ ప్రభుత్వమూ ఆపలేదన్న ముక్కకి కూడా జవాబు ఇందులోనే ఉంది. మణిపూర్ డిష్ గొడవప్పుడు ఎలాన్ మస్క్ స్వయంగా ఇచ్చిన సమాధానం, భారత్ మీదికి ఉపగ్రహాల నుంచి సిగ్నల్ దించే బీమ్‌లు ఆపేసే ఉంచామని. ఆపలేనిదైతే ఎలా ఆపారు? 2025 జూన్‌లో లైసెన్స్ ఇచ్చేముందు, మేలోనే, కేంద్రం షరతులు పెట్టింది. గేట్‌వేలు ఇక్కడే ఉండాలి, అడిగినచోట సేవ నిలిపేయగలగాలి, సరిహద్దుకి 50 కిలోమీటర్ల లోపల ప్రత్యేక నిఘా ఉండాలి. ఆ షరతులకి ఒప్పుకున్నాకే లైసెన్స్.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకుంటాను. ఆ మెసేజ్ ఇంతగా తిరగడంలో ఫైబర్ వాళ్ల పాపం చాలా ఉంది. మా వీధిలో కరెంటోళ్లు కొమ్మలు కొట్టిన ప్రతిసారీ స్తంభం మీది తీగ తెగుతుంది. డబ్బా మీద సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ ఎర్రలైటు మిణుకుమంటుంది. ఫోన్ చేస్తే "జాయింట్ వేస్తున్నారు సార్, సాయంత్రానికి వచ్చేస్తది" అంటాడు. ఏ సాయంత్రమో చెప్పడు. అలా విసిగిపోయినవాడికి ఆకాశం నుంచి నెట్ అంటే ఆశ పుట్టదా?

పాడేరు పైనో చింతూరు అవతలో ఉన్నవాళ్లయితే, సేవ మొదలైననాడు నెలకి 3,000 పోసి కొనుక్కున్నా నేను తప్పు పట్టను. ఒక్క ఇల్లు కాదు, బడికో పీహెచ్‌సీకో పెట్టి పదిమందీ పంచుకుంటే ఇంకా మంచిది. అక్కడ ఘాట్ రోడ్డులో కొండచరియ విరిగిపడితే ఫైబర్ కూడా దాంతోపాటే పోతుంది. 2014 హుద్‌హుద్‌కి విశాఖలో స్తంభాలు, టవర్లు కలిసి కూలినప్పుడు ఇలాంటి డిష్ ఒకటీ జనరేటర్ ఒకటీ ఉండి ఉంటే కలెక్టరాఫీసుకి ఎంత మేలు జరిగేదో. ఇది అలాంటి చోట్లకి, అలాంటి వేళలకి. అత్తయ్యా, మీ తెనాలి ఇంటికి ఇది అక్కర్లేదు.

మిగిలింది బుకింగ్ లింకు. 2021లో ఆ కంపెనీయే లైసెన్స్ రాకముందు మనవాళ్ల దగ్గర 99 డాలర్ల చొప్పున ముందస్తు తీసుకుంది. ఆ నవంబర్‌లో టెలికాం శాఖ "ఎవరూ కట్టొద్దు" అని ప్రకటన ఇచ్చాక డబ్బు వెనక్కిచ్చింది. అది అసలు కంపెనీ కాబట్టి ఇచ్చింది. వాట్సాప్ లింకు పెట్టినవాడు ఇవ్వడు. ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే రేపటిదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి కూడా వెంటనే చెప్పండి.