షెరీఫ్‌ను ఎన్నుకోవాలా, నియమించాలా? ముందు తేల్చేది పార్టీ కమిటీయే

2020 నవంబర్‌లో అమెరికా అంతా ట్రంప్, బైడెన్ గొడవలో మునిగిపోయి ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ ఓటర్లకు పోస్టులో వచ్చిన బ్యాలెట్‌లో మాత్రం అధ్యక్ష పదవితో పాటు కౌంటీ చార్టర్‌కు ప్రతిపాదించిన ఏడు సవరణలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి, కౌంటీ పోలీసు అధిపతి అయిన షెరీఫ్‌ను ఓటర్లు ఎన్నుకోవాలా, నియమించాలా అన్నది. సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ ఈ కౌంటీలోవే. మైక్రోసాఫ్ట్, అమెజాన్ పుణ్యమా అని మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ప్రాంతం. సిటిజన్‌షిప్ వచ్చిన తెలుగువాళ్లను ఇలాంటి ప్రశ్నలకు ఓటు ఎలా వేశారని అడిగితే నాకు ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: "పార్టీ వాళ్ల లిస్టు చూసి పెట్టేశాం."

తప్పు పట్టడానికేమీ లేదు. లాయర్ల భాషలో రాసిన ఏడు పేరాలను ఆఫీసు పని, పిల్లల క్లాసుల మధ్య కూర్చుని చదివే ఓపిక ఎంతమందికి ఉంటుంది? కానీ ఆ లిస్టు ఎక్కడ తయారైంది, ఎంతమంది కూర్చుని ఎంతసేపు చర్చించి తయారు చేశారు అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న.

చార్టర్ అంటే కౌంటీ తనకు తాను రాసుకున్న రాజ్యాంగం. మన జిల్లాలకు అలాంటిది లేదు. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినా, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినా అది ప్రభుత్వం తీసుకున్న నిర్ణయమే, జనం ఓటేసింది లేదు. వాషింగ్టన్‌లో 39 కౌంటీలుంటే వాటిలో ఏడింటికే సొంత చార్టర్ ఉంది. అందరికంటే ముందు, 1968లో, ఆమోదించుకున్నది కింగ్ కౌంటీ. కౌంటీ పాలన నడిపే ఎగ్జిక్యూటివ్ అధికారాలేమిటి, తొమ్మిదిమంది సభ్యుల కౌన్సిల్ ఏం చేయవచ్చు, ఏ పదవికి ఎన్నిక జరగాలి, దేనికి నియామకం చాలు అన్నవన్నీ అందులో ఉంటాయి. పదేళ్లకోసారి ఒక కమిషన్ దాన్ని సమీక్షిస్తుంది. కౌన్సిల్ సవరణ ప్రతిపాదిస్తే, ఓటేసినవాళ్లలో సగానికి మించి ఒప్పుకుంటే చార్టర్ మారిపోతుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 2008లో ఓటర్లు చార్టర్‌నే సవరించి ఎగ్జిక్యూటివ్, కౌన్సిల్ పదవుల నుంచి పార్టీ ముద్రను తీసేశారు. బ్యాలెట్ మీద పేరు పక్కన డెమొక్రాట్ అనీ రిపబ్లికన్ అనీ ఉండదు. మన సర్పంచ్ ఎన్నికలు ఎలాగో ఇదీ అలాగే: కాగితం మీద పార్టీ లేదు, ఎవరు ఎవరి మనిషో ఊళ్లో తెలియనివాళ్లూ లేరు. పార్టీల స్థానిక సంఘాలు అభ్యర్థులకు మద్దతు ప్రకటిస్తూనే ఉన్నాయి, సవరణలకూ ప్రకటిస్తున్నాయి. నిజానికి అభ్యర్థుల కంటే సవరణల దగ్గరే ఆ మద్దతుకు బలం ఎక్కువ. అభ్యర్థి గురించి పేపర్లో చదివి ఉంటాం, ఏ ఫంక్షన్‌లోనో కలిసి ఉంటాం. 'సవరణ 6' గురించి ఎవరికి ఏం తెలుసు?

వాషింగ్టన్‌లో 49 లెజిస్లేటివ్ డిస్ట్రిక్టులు, అంటే రాష్ట్ర శాసనసభ నియోజకవర్గాలు ఉన్నాయి. డెమొక్రాట్లకు ఒక్కో డిస్ట్రిక్టుకూ ఒక స్థానిక సంఘం, అంటే పార్టీ కమిటీ ఉంది. సియాటెల్‌కు తూర్పున మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్‌సైడ్‌లో 41, 45, 48 డిస్ట్రిక్టులు ముఖ్యమైనవి. సభ్యత్వ రుసుము కట్టినవాళ్లు సమావేశాలకు వస్తారు, ఎన్నికల ముందు ఎండార్స్‌మెంట్ల (మద్దతు ప్రకటనల) మీద ఓటేస్తారు. అభ్యర్థులు స్వయంగా వచ్చి చేతులు కలుపుతారు, ప్రశ్నలకు జవాబిస్తారు, ఫొటోలు దిగుతారు. సాయంత్రమంతా దానికే సరిపోతుంది. సవరణల వంతు వచ్చేసరికి సగం మంది గడియారం వైపు చూస్తుంటారు. అనుకూలంగా ఒకరు, వ్యతిరేకంగా ఒకరు కాసేపు మాట్లాడితే అయిపోయినట్టే. దశాబ్దాల పాటు ఉండే నిబంధనకు ఇచ్చే సమయం, నాలుగేళ్ల పదవికి నిలబడ్డ మనిషికి ఇచ్చే సమయంలో పదో వంతు కూడా ఉండదనిపిస్తుంది.

2020లోని ఏడు సవరణల్లో కొన్నింటికి ఆ కాస్త సమయం సరిపోతుంది. పోలీసుల చర్య వల్ల మరణం జరిగితే విచారణ తప్పనిసరి చేసి, మృతుడి కుటుంబానికి కౌంటీ ఖర్చుతో లాయర్‌ను ఇవ్వడం. పేదల ఇళ్ల కోసం కౌంటీ భూమిని మార్కెట్ ధర కంటే తక్కువకు ఇవ్వగలగడం. మాజీ సైనికుల మీద, ఇంట్లో వాళ్లను చూసుకునేవాళ్ల మీద వివక్షను నిషేధించడం. వీటి మీద ఎవరి అభిప్రాయం ఏదైనా విషయం సూటిగా ఉంది.

చిక్కంతా 5, 6 సవరణల దగ్గరే. 5 ప్రకారం షెరీఫ్‌ను ఇకపై ఓటర్లు ఎన్నుకోరు, ఎగ్జిక్యూటివ్ నియమిస్తే కౌన్సిల్ ఆమోదిస్తుంది. 6 ప్రకారం షెరీఫ్ శాఖ ఏం పని చేయాలో కౌన్సిల్ చట్టం చేసి నిర్ణయిస్తుంది. ఆ ఏడాది మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగాక, పోలీసు వ్యవస్థను మార్చాలన్న ఒత్తిడి దేశమంతా ఉన్న సమయం అది. అప్పటి షెరీఫ్ మిట్జీ జొహానెక్ట్ ఈ మార్పును వ్యతిరేకించారు. దాంతో చర్చ కాస్తా ఆమె మంచివారా కాదా, పోలీసులు కావాలా వద్దా అన్న దారి పట్టింది.

అసలు చరిత్ర చూస్తే ఆ ప్రశ్నకు ఇక్కడ చోటు లేదని తెలుస్తుంది. చార్టర్ వచ్చిన కొత్తలో షెరీఫ్ నియామక పదవే. ఎన్నిక ఉండాలని 1996లో ఓటర్లు మార్చారు. 1997లో షెరీఫ్ అయిన డేవ్ రైకర్ట్ తర్వాత రిపబ్లికన్‌గా అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లారు, 2024లో గవర్నర్ పదవికి పోటీ చేసి బాబ్ ఫెర్గూసన్ చేతిలో ఓడిపోయారు. ఎన్నిక పెడితే ఆ పదవి రాజకీయాల్లో పైకి వెళ్లే మెట్టవుతుందన్న వాదనకు ఆయనే ఉదాహరణ. మరోవైపు, 2017లో పదవిలో ఉన్న షెరీఫ్ జాన్ అర్క్‌హార్ట్‌ను ఓటర్లే ఓడించి జొహానెక్ట్‌ను గెలిపించారు. నచ్చని షెరీఫ్‌ను జనమే దించగలరన్న వాదనకు అది ఉదాహరణ. రెండూ బలమైనవే.

వ్యతిరేకుల వాదనల్లో నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. షెరీఫ్ శాఖ ప్రధానంగా ఏ నగరంలోనూ కలవని ప్రాంతాలకు పోలీసు. సియాటెల్‌కు, బెల్‌వ్యూకు సొంత పోలీసులున్నారు. కానీ షెరీఫ్‌ను నియమించే ఎగ్జిక్యూటివ్‌ను గెలిపించడంలో సియాటెల్ ఓట్లదే పైచేయి. అంటే ఆ పోలీసులతో రోజూ పనిపడే పల్లె ప్రాంతాల వాళ్లకు నేరుగా ఉన్న ఒక్క ఓటూ పోతుంది. దీనికి ఒక జవాబు ఉంది: ఎన్నిక ఉన్నప్పుడు కూడా సియాటెల్ ఓటర్లే ఎక్కువ. ఆ జవాబు నిజమే అయినా పూర్తిగా సరిపోదు. ఎన్నికలో షెరీఫ్ అభ్యర్థి ఆ ప్రాంతాలకు వెళ్లి ఓటు అడగాల్సి వచ్చేది. నియామకంలో ఆ అవసరమే లేదు.

మనవాళ్లు గమనించాల్సిన సంగతి కూడా ఇక్కడే ఉంది. సమామిష్‌కు సొంత పోలీసు శాఖ లేదు. కౌంటీ షెరీఫ్‌తో కాంట్రాక్టు కుదుర్చుకుని పోలీసులను తెచ్చుకుంటుంది. ఊళ్లో తిరిగే కారు మీద సమామిష్ పోలీస్ అని రాసి ఉన్నా లోపలున్నది షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీయే. అక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి సవరణ 5 తమ వీధికి సంబంధించిన విషయం. అది తెలియక మన వాట్సాప్ గ్రూపుల్లో దాన్ని సియాటెల్ గొడవగా తీసిపారేశారు.

నియామకమే మెరుగన్నది నా అభిప్రాయం. పోలీసు అధిపతి విరాళాలు సేకరించి ప్రచారం చేయడం నాకు నచ్చదు. కానీ 5కు ఓటేస్తే 6కూ వేసినట్టే అన్న ధోరణితో నాకు పేచీ. 5 మనిషిని ఎంచుకునే పద్ధతి గురించి, 6 ఆ శాఖ అధికారాల పరిధి గురించి. ఈ రోజు కౌన్సిల్ ఆ పరిధిని సంస్కరణ కోసం కుదించవచ్చు. రేపు మరో కౌన్సిల్ అదే అధికారంతో దానికి పూర్తి వ్యతిరేక దిశలో వెళ్లవచ్చు. చార్టర్‌లో రాసిన మాటకు పార్టీ తెలియదు. సవరణను చర్చించే కమిటీ, తమకు బొత్తిగా నచ్చని ఎగ్జిక్యూటివ్, నచ్చని కౌన్సిల్ చేతిలో ఈ అధికారం ఉంటే ఒప్పుకుంటామా అని ముందు తమను తాము అడగాలి. అప్పుడు కూడా అవునంటే ఎండార్స్ చేయాలి. పదవిలో ఉన్నది మనవాళ్లే కదా అన్న ధీమాతో ఓటేస్తే, రాజ్యాంగాన్ని ఎన్నికల కరపత్రంలా వాడినట్టే.

రెండూ నెగ్గాయి. 5కు సుమారు 56 శాతం ఓట్లు పడ్డాయి. 2021లో షెరీఫ్ ఎన్నిక జరగలేదు. 2022 జనవరిలో ప్యాటీ కోల్-టిండాల్ తాత్కాలిక షెరీఫ్‌గా వచ్చారు, మే నెలలో కౌన్సిల్ ఆమెను ఖాయం చేసింది.

అదే ఏడాది నవంబర్‌లో మరో చార్టర్ సవరణ 69 శాతం ఓట్లతో నెగ్గింది. బేసి సంవత్సరాల్లో జరిగే కౌంటీ పదవుల ఎన్నికలను అది సరి సంవత్సరాలకు మార్చింది. కారణం స్పష్టమే. కింగ్ కౌంటీలో 2020లో 86 శాతం దాటిన పోలింగ్ 2021లో 44 శాతం దగ్గరే ఆగిపోయింది. ఎక్కువమంది ఓటేసే ఏడాదిలో ఎన్నిక పెట్టడం మంచిదే, నేనూ సమర్థిస్తాను. అయితే దీనికి మరో వైపు ఉంది. అధ్యక్షుడు, సెనేటర్, గవర్నర్, రాష్ట్ర శాసనసభ్యులు, రాష్ట్ర ఇనీషియేటివ్‌ల (ఓటర్లే ప్రతిపాదించే చట్టాల) పక్కనే ఇక కౌంటీ పదవులూ చేరతాయి. బ్యాలెట్ పొడుగైన కొద్దీ ఓటరు సొంతంగా చదివేది తగ్గుతుంది, లిస్టు మీద ఆధారపడటం పెరుగుతుంది. పోలింగ్ శాతం పెంచాలని చేసిన మార్పు, కమిటీ గదిలోని కొద్దిమంది పలుకుబడినీ పెంచుతుంది. ఆ సవరణను చర్చించిన చోట్ల ఈ మాట పెద్దగా వినిపించలేదు.

ఆ కొద్దిమందిలో ముఖ్యులు ప్రీసింక్ట్ కమిటీ ఆఫీసర్లు, పొట్టిగా పీసీఓలు. ఒక్కో ప్రీసింక్టుకు, అంటే పోలింగ్ ప్రాంతానికి, పార్టీకి ఒకరు. కౌంటీలో రెండున్నర వేలకు పైగా ప్రీసింక్టులున్నాయి, చాలాచోట్ల ఆ కుర్చీ ఖాళీ. రెండేళ్లకోసారి, సరి సంవత్సరం మే నెలలో నామినేషన్ వేయాలి. ఫీజు లేదు. ఒక్కరే వేస్తే బ్యాలెట్ మీదికి కూడా రాకుండా ఎన్నికైపోతారు. ఫండ్‌రైజర్ డిన్నర్లకు వందల డాలర్ల టికెట్లు కొని ఎమ్మెల్యే అభ్యర్థితో ఫొటో దిగే మనవాళ్లలో ఈ పైసా ఖర్చులేని పదవి సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

దాని విలువ 2025 జనవరిలో బయటపడింది. 48వ డిస్ట్రిక్టు సెనేటర్ ప్యాటీ కుడరర్ రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ అయ్యారు. ఖాళీ అయిన సీటుకు పేర్లు సూచించే హక్కు ఆ డిస్ట్రిక్టు డెమొక్రాటిక్ పీసీఓలది. వాళ్లు పంపిన పేర్ల నుంచి కౌంటీ కౌన్సిల్ వందనా స్లాటర్‌ను సెనేట్‌కు ఎంపిక చేసింది. ఆమె ఖాళీ చేసిన దిగువ సభ సీటు అదే పద్ధతిలో ఉస్మాన్ సలాహుద్దీన్‌కు దక్కింది. స్లాటర్ 2017లో మొదట శాసనసభకు వెళ్లింది కూడా ఇలాగే. చార్టర్ సవరణల మీద చేతులెత్తి ఓటేసేదీ ఆ పీసీఓలు కూర్చునే గదుల్లోనే.